కరెంటు పోయి వచ్చాక పాటల సర్వర్‌కి నాస్ కనపడట్లేదా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఒక మూల నాస్ (ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించి ఫైళ్ళు దాచుకునే డిస్కుల పెట్టె) పెట్టుకుని, రాస్ప్‌బెర్రీ పై (చిన్న కంప్యూటర్, కింద ఉత్త పై అంటాను) మీదో పాత లాప్‌టాప్ మీదో లిరియన్, నావిడ్రోమ్ లాంటి మ్యూజిక్ సర్వర్ నడుపుకుంటున్న వాళ్ళ కోసం రాస్తున్నాను. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఉండేవాళ్ళకి ఇది ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే ఎండాకాలం కోతలు, ఈదురుగాలులు, అక్టోబర్ వస్తే తుఫాన్లు, వీటి మధ్య మన పెట్టెలు ఏడాదికి ఎన్నిసార్లు ఆగి లేస్తాయో లెక్కుండదు. కమాండ్లు ఇక్కడ తెలుగులో రాసాను, మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టాలి.

కరెంటు వచ్చీసింది, సర్వర్ కూడా ఆన్ అయింది, గానీ ఒక్క పాటా కనపడట్లేదు. అన్నీ పోయినట్టేనా?

పోలేదు. కంగారు పడకండి. నూటికి తొంభై సార్లు పాటలు నాస్‌లో ఎక్కడివక్కడే ఉంటాయి, సర్వర్‌కీ నాస్‌కీ మధ్య ఉన్న ముడి ఒక్కటే ఊడిపోయి ఉంటుంది, దాన్నే మౌంట్ అంటాం. ముడి ఊడినప్పుడు సర్వర్ ఆ ఫోల్డర్ తెరిచి చూస్తే లోపల ఖాళీ. అందుకే సున్నా పాటలు అని చూపిస్తుంది.

ఈ పేజీలో ఒక్కటే గుర్తుంచుకుంటాను అంటే ఇది గుర్తుంచుకోండి: ఆ ఖాళీ చూసి రీస్కాన్ (పాటల పట్టిక మళ్ళీ తయారుచేసే బటన్) నొక్కొద్దు, ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యొద్దు, నాస్ డిస్కులు పీకొద్దు. ఊడిన ముడి మళ్ళీ వెయ్యడం పది నిమిషాల పని, కంగారులో నొక్కిన బటన్ వల్ల అయ్యేది మాత్రం రోజుల పని. నాస్ స్క్రీన్ మీద డిస్కుని ఇనిషియలైజ్ చెయ్యమంటారా అని గనక అడిగితే అస్సలు ఒప్పుకోకండి, అది ఉన్నదంతా తుడిచేసి కొత్తగా మొదలుపెట్టడం అన్నమాట.

అసలు కరెంటు పోయిన ప్రతీసారీ ఇదే గొడవ ఎందుకు?

రెండూ ఒకేసారి ఆన్ అవుతాయి గానీ ఒకేసారి లేవవు. రాస్ప్‌బెర్రీ పై ఒక నిమిషం లోపే లేచి కూర్చుంటుంది. నాస్ అలా కాదు, డిస్కులు తిరగాలి, ఫైల్ సిస్టమ్ సరిచూసుకోవాలి, సర్వీసులన్నీ ఒక్కొక్కటిగా మొదలవ్వాలి, నాలుగైదు నిమిషాలు పట్టినా ఆశ్చర్యం లేదు. పై లేవగానే నాస్ ఉందా అని ఒకసారి పిలుస్తుంది, అటు నుంచి పలుకు రాకపోతే సరేలే అని వదిలేసి మిగతా పనులు చేసుకుపోతుంది, మళ్ళీ పిలవదు. ఆ తర్వాత నాస్ పూర్తిగా లేచినా వీళ్ళిద్దరినీ కలిపేవాడు ఉండడు.

అందుకే చాలామందికి పై ఒక్కదాన్ని ఇంకోసారి రీస్టార్ట్ చేస్తే అంతా సర్దుకుంటుంది. మీరు కూడా ముందు అదే చెయ్యండి, నాస్ లైట్ నిలకడగా వెలిగాక ఇంకో రెండు నిమిషాలు ఆగి పై ని రీస్టార్ట్ చెయ్యండి. దాంతో పాటలు వచ్చీసాయంటే మీ జబ్బు ఇదే, కింద ఎఫ్‌స్టాబ్ (సర్వర్ లేచినప్పుడు ఏవేవి మౌంట్ చెయ్యాలో రాసి ఉండే ఫైల్) గురించి రాసిన జవాబు చదివితే చాలు.

రీస్టార్ట్ చేసినా రాలేదు. ఏటి ముందు చూడాల, ఏటి తర్వాత చూడాల?

కింద నుంచి పైకి రండి. ముందు నాస్‌కి కరెంటు వస్తోందా, లైట్ వెలుగుతోందా. కొన్ని నాస్‌లు కరెంటు వచ్చినా తమంతట తాము లేవవు, ఎవరో ఒకరు బటన్ నొక్కాలి. సైనాలజీ కంపెనీ నాస్‌లో అయితే కంట్రోల్ ప్యానెల్‌లో హార్డ్‌వేర్ అండ్ పవర్ అని ఉంటుంది, అందులో కరెంటు సరయ్యాక దానంతటదే లేచే ఆప్షన్ టిక్ పెట్టుకోవాలి, క్యూనాప్‌లో అదే పవర్ రికవరీ పేరుతో ఉంటుంది. ఇది ఒకసారి పెట్టీస్తే మళ్ళీ చూసుకోనక్కర్లేదు.

తర్వాత లాన్ కేబుల్ పెట్టిన చోట చిన్న పచ్చ లైట్ మిణుకుమంటోందా చూడండి. అది లేదంటే కేబులో, రౌటరో, మధ్యలో ఉన్న నెట్‌వర్క్ స్విచ్చో ఒకటి చచ్చింది. పిడుగులు పడ్డ రాత్రి తర్వాత స్విచ్‌లో ఒక్క పోర్టే పోయి మిగతావి బాగానే ఉండడం జరుగుతూ ఉంటుంది, కాబట్టి కేబుల్ పక్క పోర్టులో గుచ్చి చూడండి.

ఆ తర్వాతే ఫోన్ తీసి, అదే వైఫైలో ఉండి, బ్రౌజర్‌లో నాస్ అడ్రస్ కొట్టండి. నాస్ లాగిన్ పేజీ వచ్చిందంటే నాస్ బాగున్నట్టే, గొడవ సర్వర్ వైపు ఉంది. రాలేదంటే అడ్రస్ మారి ఉంటుంది.

నాస్ అడ్రస్ ఎలా మారుతుంది? మేము ఏమీ ముట్టుకోలేదు కదా?

మీరు ముట్టుకోనక్కర్లేదు, రౌటర్ మార్చీస్తుంది. అడ్రస్ అంటే ఇంట్లో ప్రతీ పరికరానికీ ఉండే నంబర్, దాన్ని ఇచ్చేది రౌటరే. అన్నీ ఒకేసారి ఆగి ఒకేసారి లేచినప్పుడు చాలా రౌటర్లకి ఎవరికి ఏ నంబర్ ఇచ్చామో పాత లెక్క గుర్తుండదు, ముందు ఎవరొచ్చి అడిగితే వాళ్ళకి ఇచ్చేస్తాయి. నిన్నటిదాకా 192.168.1.50 అని ఉన్న నాస్ ఇవాళ 192.168.1.53 అయి కూర్చుంటుంది, పాత నంబర్ టీవీకి పోయి ఉంటుంది, మీ సర్వర్ పాపం టీవీ తలుపు తడుతూ ఉంటుంది.

మందు ఒకటే. రౌటర్ పేజీలోకి వెళ్ళి డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అనే చోట నాస్ మాక్ అడ్రస్ పెట్టి దానికో నంబర్ కట్టెయ్యండి, సర్వర్ ఉన్న పై కి కూడా ఇంకో నంబర్ కట్టెయ్యండి. మాక్ అడ్రస్ అంటే పరికరం తయారైనప్పుడే దానికి ఇచ్చిన గుర్తు, చాలా నాస్‌లకి అడుగునో వెనకో స్టిక్కర్ మీద ఉంటుంది. నాస్ లోపల నంబర్ పెట్టడం కంటే రౌటర్‌లో కట్టడమే నా లెక్కలో మేలు, ఎందుకంటే రేపు ఎప్పుడైనా చూసుకోవాలంటే అన్నీ ఒక్కచోటే కనపడతాయి.

మాకు ఫైబర్ వాళ్ళ బాక్స్ ఒకటి, మేము కొన్న రౌటర్ ఒకటి ఉన్నాయి. దీనివల్ల ఏమైనా తేడా వస్తుందా?

వస్తుంది, చాలామందికి అంతుపట్టని కేసు ఇదే. ఫైబర్ బాక్స్ ముందు లేస్తుంది, మీ రౌటర్ తర్వాత లేస్తుంది. వైఫై మీద ఉన్న పై కి రెండు వైఫైల పాస్‌వర్డులూ గుర్తుంటే ముందు కనపడినదానికి తగులుకుంటుంది. ఇప్పుడు నాస్ మీ రౌటర్ కింద, పై ఏమో ఫైబర్ బాక్స్ కింద. రెండింటికీ ఇంటర్నెట్ వస్తుంది, రెండూ బాగానే ఉన్నట్టు కనపడతాయి, గానీ పై కి నాస్ కనపడదు.

పట్టుకోవడం తేలికే, రెండు అడ్రసుల్లో చుక్కల మధ్య ఉన్న మూడో నంబర్ చూడండి. ఒకటి 192.168.1 తోనూ ఇంకోటి 192.168.0 తోనూ మొదలైతే రెండూ వేరు వేరు ఇళ్ళల్లో ఉన్నట్టే. పై లో ఫైబర్ బాక్స్ వైఫైని మర్చిపొమ్మని చెప్పండి, లేదా ఫైబర్ బాక్స్ వైఫైనే ఆపీండి. ఇంకా మంచిది, సర్వర్‌నీ నాస్‌నీ రెండిటినీ ఒకే రౌటర్‌కి కేబుల్‌తో కలిపీండి, వైఫై ఫోన్లకి వదిలేద్దాం.

అడ్రస్ సరిగ్గానే ఉంది, నాస్ పేజీ కూడా వస్తోంది. మౌంట్ చేత్తో ఎలా చెయ్యాలి?

సర్వర్‌లోకి ఎస్ఎస్‌హెచ్‌తో (వేరే కంప్యూటర్ నుంచి కమాండ్లు కొట్టే దారి) వెళ్ళి సుడో మౌంట్ -ఏ అని కొట్టండి. ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో రాసి ఉన్నవాటిలో ఇంకా తగలనివన్నీ తగిలిస్తుంది. ఏమీ మాట్లాడకుండా ఊరుకుందంటే పని అయిందనే. ఫోల్డర్ లోపలికి వెళ్ళి పాటలు కనపడుతున్నాయో లేదో చూసీండి.

పైకోర్‌ప్లేయర్ (పై మీద పాటల కోసమే చేసిన సిస్టమ్) వాడేవాళ్ళకి ఎఫ్‌స్టాబ్ జోలికి వెళ్ళక్కర్లేదు, దాని వెబ్ పేజీలో నెట్‌వర్క్ డిస్క్ మౌంట్ అనే భాగం ఉంటుంది, అక్కడ నాస్ నంబర్, షేర్ (నాస్ నెట్‌వర్క్ మీద పంచే ఫోల్డర్) పేరు, యూజర్ పేరు సరిచూసి సేవ్ చేస్తే చాలు.

ఒక్కోసారి పాత మౌంట్ సగం ఊడి సగం వేలాడుతూ ఉంటుంది. ఫోల్డర్ తెరిస్తే కదలదు, లేదంటే స్టేల్ ఫైల్ హ్యాండిల్ అంటుంది. నాస్ ఫోల్డర్‌ని పంచే పద్ధతుల్లో ఒకటైన ఎన్ఎఫ్ఎస్ వాడితే ఇది ఎక్కువ. అప్పుడు సుడో యూమౌంట్ -ఎల్ అని కొట్టి, ఖాళీ వదిలి ఆ ఫోల్డర్ దారి ఇచ్చి దాన్ని పూర్తిగా ఊడదీసి, ఆ తర్వాత మళ్ళీ మౌంట్ -ఏ కొట్టండి.

మౌంట్ ఎర్రర్ అని బ్రాకెట్‌లో ఒక నంబర్ వస్తోంది. ఆ నంబర్‌కి అర్థం ఏటి?

13 వస్తే యూజర్ పేరో పాస్‌వర్డో తప్పు, లేదా ఆ షేర్ చూసే అనుమతి ఆ యూజర్‌కి లేదు. పాస్‌వర్డ్‌లో కామా ఉంటే ఎఫ్‌స్టాబ్ లైను అక్కడే తెగిపోతుంది, కాబట్టి పాస్‌వర్డ్‌ని వేరే క్రెడెన్షియల్స్ ఫైల్‌లో పెట్టడం మంచిది. 2 వస్తే నాస్ దొరికింది గానీ ఆ పేరుతో షేర్ లేదు, స్పెల్లింగ్ చూడండి, లేదంటే నాస్ లేచినా లోపల వాల్యూమ్ (డిస్కుల్లో ఫైళ్ళుండే భాగం) ఇంకా తెరుచుకోలేదు. 113 వస్తే అసలు ఆ నంబర్‌కి దారే లేదు, పైన రాసిన అడ్రస్ గొడవ చూడండి.

112 గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. హోస్ట్ డౌన్ అంటుంది గానీ నాస్ నిక్షేపంలా ఉంటుంది, ఫోన్‌లో పేజీ కూడా వస్తుంది. చాలాసార్లు ఇది ఎస్ఎంబీ (ఫోల్డర్లు పంచే ఇంకో పద్ధతి) వెర్షన్ కుదరక వచ్చేది. 2017 లో లినక్స్ కెర్నల్ (సర్వర్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటిది) 4.13 నుంచి పాత ఎస్ఎంబీ ఒకటో వెర్షన్‌ని డీఫాల్ట్‌గా వాడడం మానేసింది, పదేళ్ళ కిందటి నాస్‌లు కొన్నింటికి అదొక్కటే వచ్చు. అన్నాళ్ళూ ఆన్‌లోనే ఉన్న సర్వర్‌లో అప్‌డేట్ ఎప్పుడో దిగి ఉంటుంది, రీబూట్ కాలేదు కాబట్టి పాత కెర్నల్ మీదే నడిచింది, కరెంటు పోయి వచ్చేసరికి కొత్తది లేచింది. మనకేమో కరెంటు పోవడం వల్లే పాడైంది అనిపిస్తుంది. నాస్ సెట్టింగుల్లో ఎస్ఎంబీ రెండో మూడో ఆన్ చేసే వీలుంటే అదే చెయ్యండి. వీల్లేకపోతేనే ఎఫ్‌స్టాబ్ లైన్‌లో వెర్స్=1.0 పెట్టండి, అది భద్రత తక్కువ దారి కాబట్టి ఆ నాస్‌ని బయట ఇంటర్నెట్‌కి మాత్రం తెరవకండి.

టెర్మినల్‌లో పాటలు కనపడుతున్నాయి, యాప్‌లో మాత్రం ఖాళీ. ఇదేం వింత?

డాకర్‌లో, అంటే మ్యూజిక్ సర్వర్‌ని కంటైనర్ అనే విడి డబ్బాలో పెట్టి నడుపుతున్నారా? అయితే వింతేం లేదు. మౌంట్ తగలక ముందే కంటైనర్ మొదలైపోతే అది అప్పటి ఖాళీ ఫోల్డర్‌నే పట్టుకుని ఉంటుంది, బయట మీరు మౌంట్ చేసినా దానికి తెలియదు. కంటైనర్ రీస్టార్ట్ చెయ్యండి, అంతే.

డాకర్ కాకపోతే అనుమతులు చూడండి. మీరు రూట్‌గా (అన్ని హక్కులూ ఉన్న యూజర్‌గా) చూస్తున్నారు, మ్యూజిక్ సర్వర్ వేరే యూజర్‌గా నడుస్తుంది, ఆ యూజర్‌కి ఫైళ్ళు చదివే హక్కు ఉండాలి.

స్కాన్ ఎప్పుడు నొక్కాలి? మా అబ్బాయి ముందే నొక్కేసాడు, ఇప్పుడేం చెయ్యాలి?

మౌంట్ తగిలి, ఫోల్డర్‌లో పాటలు మీ కంటితో చూసాకే. అప్పుడు కూడా లిరియన్‌లో అయితే కొత్తవి, మారినవి వెతికే స్కాన్ చాలు, అన్నీ తుడిచి మొదటినుంచీ చేసే స్కాన్ అక్కర్లేదు.

ముందే నొక్కేసినా అబ్బాయిని తిట్టకండి. స్కాన్ వల్ల సర్వర్ దగ్గరున్న పట్టికే ఖాళీ అవుతుంది, నాస్‌లో పాట ఒక్కటి కూడా చెరగదు. మౌంట్ సరిచేసి మళ్ళీ స్కాన్ చేస్తే పట్టిక తిరిగి వస్తుంది, పాటలు ఎక్కువుంటే పై మీద గంటలు పట్టొచ్చు. లిరియన్‌లో ఏ పాట ఎన్నిసార్లు విన్నారు లాంటి వివరాలు వేరే డేటాబేస్‌లో ఉంటాయి, కొత్త నావిడ్రోమ్ అయితే దొరకని పాటల్ని వెంటనే తీసెయ్యకుండా మిస్సింగ్ అని గుర్తు పెట్టి ఉంచుతుంది. రెండిట్లోనూ పాటలు పాత దారిలోనే దొరికితే గొడవ ఉండదు. కాబట్టి మళ్ళీ మౌంట్ చేసేటప్పుడు ఫోల్డర్ పేరు కొత్తది పెట్టకండి, ఒక్క అక్షరం తేడా వచ్చినా ప్లేలిస్టులు దారి తప్పొచ్చు.

పాటలు వచ్చాయి గానీ తెలుగులో పేరున్నవన్నీ ప్రశ్నార్థకాలుగా కనపడుతున్నాయి.

మౌంట్ లైన్ మళ్ళీ రాసినప్పుడు ఐఓకార్‌సెట్=యూటీఎఫ్8 అన్న ఆప్షన్ పెట్టడం మర్చిపోయి ఉంటారు. అది చేర్చి, ఊడదీసి, మళ్ళీ తగిలించి, స్కాన్ చెయ్యండి. ఫైళ్ళ పేర్లు ఇంగ్లీషులోకి మార్చుకోవాల్సిన పని లేదు.

నాస్ బీప్ బీప్ మంటోంది, లైట్ ఆరెంజ్ రంగులో ఉంది.

ఇప్పుడు పాటల సంగతి పక్కన పెట్టండి. రెండు డిస్కుల నాస్ అయితే చెప్పకుండా ఆగిపోయినందుకు రెండు డిస్కుల్లోనూ ఒకటే ఉందా అని సరిపోల్చుకుంటూ ఉండొచ్చు, దీన్ని రీసింక్ అంటారు, గంటలు పడుతుంది, ఆ టైములో పాట తడబడుతూ వస్తుంది. దాన్ని పూర్తిగా అవ్వనివ్వండి, మధ్యలో ఆపకండి. డీగ్రేడెడ్ అని రాసి ఉంటే మాత్రం ఒక డిస్కు పోయినట్టు, మిగిలిన డిస్కు మీద ఉన్నదాన్ని ముందు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి, కొత్త డిస్కు కొనే ఆలోచన ఆ తర్వాతే.

మళ్ళీ మళ్ళీ ఈ పని చెయ్యకుండా ఎఫ్‌స్టాబ్‌లో ఏం రాయాలి?

నాలుగు మాటలు చేర్చండి. నోఫెయిల్ పెడితే నాస్ లేకపోయినా సర్వర్ బూట్ మధ్యలో ఆగిపోదు. అండర్‌స్కోర్ (_) గుర్తు కలిపి నెట్‌డెవ్ పెడితే నెట్‌వర్క్ వచ్చేదాకా ఆగుతుంది. అసలు ప్రాణం మూడోదాంట్లో ఉంది, ఎక్స్-సిస్టమ్‌డీ.ఆటోమౌంట్, ఇది పెడితే బూట్ అప్పుడు తగిలించేసి వదిలెయ్యడం కాదు, ఆ ఫోల్డర్‌ని ఎవరు తెరిచినా అప్పుడు నాస్‌ని పిలుస్తుంది, ఇప్పుడు పలక్కపోతే తర్వాత తెరిచినప్పుడు మళ్ళీ పిలుస్తుంది. నాస్ ఐదు నిమిషాలు ఆలస్యంగా లేచినా మీరు ఏమీ చెయ్యకుండానే ముడి పడిపోతుంది. నాలుగోది ఎక్స్-సిస్టమ్‌డీ.మౌంట్-టైమౌట్=30, లేకపోతే నాస్ లేనప్పుడు ఫోల్డర్ తెరిచిన ప్రతీసారీ చాలాసేపు బిగుసుకుపోతుంది. రాసాక సుడో సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్ కొట్టి ఒకసారి రీబూట్ చేసి చూసీండి.

ఇంకో చిన్న జాగ్రత్త. మౌంట్ ఊడి ఉన్నప్పుడు ఆ ఖాళీ ఫోల్డర్‌లోకే ఎవరైనా కొత్త పాటలు కాపీ చేస్తే అవి పై లోని మెమరీ కార్డులో పడతాయి, మౌంట్ తగలగానే దాని కింద దాక్కుంటాయి, నిన్న వేసిన పాటలు ఏవీ అని వెతుక్కుంటారు. మౌంట్ ఊడి ఉండగానే ఆ ఖాళీ ఫోల్డర్ మీద సుడో ఛాటర్ +ఐ కొడితే అందులో ఎవరూ ఏమీ రాయలేరు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. మళ్ళీ యూపీఎస్ అవసరమా?

ముందు మీ ఇన్వర్టర్ వెనకో ముందో యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు నుంచి బ్యాటరీకి మారేటప్పుడు వచ్చే చిన్న ఖాళీ ఫ్యాన్‌కి తెలీదు గానీ నాస్‌కి తెలుస్తుంది, ఆగి లేస్తుంది. యూపీఎస్ మోడ్‌లో ఆ ఖాళీ బాగా తగ్గుతుంది. చాలా ఇళ్ళల్లో నాస్ పెట్టిన ప్లగ్‌కి అసలు ఇన్వర్టర్ లైనే ఉండదు, లైట్లకీ ఫ్యాన్లకే ఇచ్చి ఉంటారు, ఎలక్ట్రీషియన్‌ని అడిగి తేల్చుకోండి.

అయినా నా ఓటు చిన్న యూపీఎస్‌కే, అదీ యూఎస్‌బీ కేబుల్ ఉన్నదానికే. ఆ కేబుల్ నాస్‌కి పెడితే బ్యాటరీ అయిపోయే ముందు నాస్ తనంతట తాను పద్ధతిగా ఆగుతుంది. ఇన్వర్టర్ ఆ మాట నాస్‌కి చెప్పలేదు, బ్యాటరీ అయిపోయాక ఒక్కసారిగా ఆపేస్తుంది. రౌటర్‌కి కూడా పవర్ ఇవ్వడం మర్చిపోవద్దు.

తుఫాను వస్తోందని చెప్పారు. ముందే ఏమైనా చెయ్యాలా?

చెయ్యాలి, అదీ గాలి మొదలవ్వక ముందే. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్ళల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఏ యూపీఎస్సూ ఆదుకోదు. నాస్‌ని దాని పేజీలోంచి పద్ధతిగా షట్‌డౌన్ చేసి, ప్లగ్గు పీకి, లాన్ కేబుల్ కూడా పీకి, కిటికీకి దూరంగా ఎత్తులో పెట్టండి. ఫైబర్ బాక్స్ ప్లగ్గు కూడా.

కరెంటు వచ్చిన మొదటి గంటలో ఏదీ పెట్టకండి. లైన్లు కలుపుతుంటారు, వస్తుంది పోతుంది, ఒకసారి లో వోల్టేజ్, ఒకసారి హై వోల్టేజ్. ట్యూబ్‌లైట్ నిలకడగా వెలిగాక ముందు రౌటర్, ఆ తర్వాత నాస్, నాస్ పూర్తిగా లేచాక సర్వర్, ఈ వరసలో పెట్టండి.

రెండు డిస్కుల్లోనూ ఒకటే ఉంది కదా, మళ్ళీ బ్యాకప్ దేనికి?

రెండు డిస్కులూ ఒకే పెట్టెలో, ఒకే ప్లగ్గు మీద, ఒకే కప్పు కింద ఉన్నాయి. నీళ్ళొచ్చినా పిడుగు పడినా రెండూ కలిసే పోతాయి. పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండిట్లోనూ డిలీట్ అవుతుంది.

దీని గురించి నేను గట్టిగా చెప్తాను. సినిమా పాటలు పోతే మళ్ళీ దొరుకుతాయి. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న విజయనగరం ఇది, ద్వారం వెంకటస్వామినాయుడు గారు పాఠం చెప్పిన చోటు, ఘంటసాల నేర్చుకున్న చోటు. మన ఇళ్ళల్లో తాతగారి హరికథ, పెద్దమ్మ మంగళహారతులు, ఊరి సంబరంలో తప్పెటగుళ్ళు, జముకుల కథ ఇలాంటివి క్యాసెట్ల మీదుంటే నాస్‌లోకి ఎక్కించుకున్నవాళ్ళు చాలామంది. ఆ క్యాసెట్లకి బూజు పట్టీసింది, టేప్‌రికార్డర్ లేదు, పాడిన మనిషి లేరు. ఆ ఫోల్డర్ ఒక్కటైనా ఒక పోర్టబుల్ డ్రైవ్‌లోకి కాపీ చేసి వేరే ఊళ్ళో చుట్టాలింట్లో పెట్టండి. సోంపేట వాళ్ళు రాజాంలో పెట్టొచ్చు, భీమిలి వైపు చుట్టాలుంటే అక్కడా పెట్టొచ్చు. పండక్కి వెళ్ళినప్పుడల్లా కొత్తవి ఎక్కించి తెచ్చుకోండి.

నేను హైదరాబాద్‌లో ఉంటాను, పెట్టెలు ఊళ్ళో అమ్మానాన్నల దగ్గరున్నాయి. ఫోన్‌లో ఎలా చెప్పించాలి?

నాస్ అనీ మౌంట్ అనీ వాళ్ళకి చెప్పొద్దు. ఈసారి ఊరెళ్ళినప్పుడు పెట్టెలకి స్టిక్కర్లు అంటించండి, రౌటర్‌కి 1, నాస్‌కి 2, పై కి 3 అని పెద్దంకెలు. ప్లగ్గుల మీద కూడా అవే అంకెలు. ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో ఒక్కోదానికీ వేరే స్విచ్ ఉండేలా చూడండి. అప్పుడు నాన్నగారికి చెప్పాల్సింది ఇంతే: "నాన్నా, మూడూ ఆపీండి. ఒకటి వెయ్యండి. టీ తాగి వచ్చి రెండు వెయ్యండి. వార్తలయ్యాక మూడు వెయ్యండి." రెండోది ఆపేముందు మాత్రం, అది ఇంకా నడుస్తుంటే, స్విచ్ కాకుండా దాని ముందున్న బటన్ నొక్కి పట్టుకుని బీప్ వచ్చాక వదిలి, లైట్ ఆరేదాకా ఆగమనండి.

ఇంటర్నెట్ ఇంకా రాలేదు. అది లేకుండా పాటలు వస్తాయా?

వస్తాయి. నాస్, సర్వర్, స్పీకర్ అన్నీ ఇంట్లోనే మాట్లాడుకుంటాయి, రౌటర్‌కి కరెంటు ఉంటే చాలు. రేడియో స్టేషన్లు మాత్రం రావు. ఇంటర్నెట్ వచ్చిన కొత్తలో కూడా కాసేపు రేడియో పలక్కపోతే పై లో టైము చూడండి, పాత పై ల లోపల కరెంటు లేనప్పుడు కూడా నడిచే గడియారం ఉండదు, ఆగి లేచాక తేదీ వెనకబడి ఉంటుంది, తేదీ తప్పుగా ఉంటే సురక్షిత కనెక్షన్లు కుదరవు. నెట్ అందాక టైము దానంతటదే సర్దుకుంటుంది, అప్పుడు రేడియో కూడా వస్తుంది.